గుసగుసల ఇల్లు

జనవరి 9

అమ్మడూ,

నిన్న నువ్వు ఫోన్ చేస్తే మీ అమ్మ తెచ్చి నా చేతికిచ్చింది. నేను "ఊ", "ఆఁ", "మంచిదే" అని నాకున్న సరుకంతా ఖర్చుపెట్టి తిరిగిచ్చేశాను. తర్వాత తెలిసిందేమిటంటే, పిల్లాడికి జ్వరం వచ్చి రెండు రోజులు వడిలిపోయాడని నువ్వంటే నేను "మంచిదే" అన్నానట. మీ అమ్మ నా వంక చూసిన చూపుకు గోడమీద క్యాలెండరు కూడా తలదించుకుంది.

అందుకే ఈ ఉత్తరం. ఇకమీదట నాతో ఫోన్ పెట్టుకోకు. మీరంతా పంపుకునే ఆ మెసేజీలు నాకు చీమలు పాకినట్టు కనిపిస్తాయి. కాగితం మీద రాయి. కాగితం గొణగదు, మధ్యలో కట్ అవదు, "వినిపిస్తోందా, వినిపిస్తోందా" అని ప్రాణం తీయదు.

చెవి మిషన్ ఉందిగా అని మీ అమ్మలా నువ్వూ మొదలుపెట్టకు. ఉంది. డ్రాయర్లో ఉంది. హాయిగా ఉంది. పెట్టుకున్న నాలుగు రోజులూ నా తల రేకుల షెడ్డయింది, దానిమీద లోకం రాళ్ళు విసిరింది. చాలు.

అసలు సంగతికి వస్తాను. మన పిడికెడుగాడికి చెవి పరీక్ష మళ్ళీ ఎప్పుడు? వాడు నెలలు నిండకుండా పుట్టి, నిజంగానే నా పిడికిలంత ఉండి, అద్దాల పెట్టెలో ఊపిరి మిషన్ మీద పడుకున్న రోజులు నువ్వు మర్చిపోవాలనుకుంటావు. నేనూ అంతే. కానీ ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తుందా? "ఇప్పటి పరీక్ష పాసయ్యాడు. అయినా ఇంత ముందుగా పుట్టి, మిషన్ మీద ఉండి, కామెర్లు ముదిరి, అన్ని ఘాటు మందులు ఎక్కించుకున్న పిల్లలకి వినికిడి తర్వాత కూడా తగ్గొచ్చు. ఏడాది నిండేలోపు మళ్ళీ తీసుకురండి" అంది. నేనెలా విన్నానని అడుగుతావేమో. వినలేదు. ఆవిడ నాకోసం మాస్కు దించి మాట్లాడింది, నేను పెదాలు చూశాను. ఆ గదిలో ఆ మాట చెవిన వేసుకున్నది చెవిటిదాన్ని నేనొక్కదాన్నే అని నా అనుమానం.

మీ అత్తగారికి నమస్కారాలు. మీ ఆయన్ని వేళకి తిని పడుకోమను.

నీ అమ్మమ్మ


జనవరి 20

అమ్మమ్మా,

జ్వరం పూర్తిగా తగ్గింది. నీ "మంచిదే"కి నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులయింది, దానికీ థాంక్స్.

ఇది డ్యూటీలో రాస్తున్నాను. మా బస్ స్టేషన్లో నా గది గాజు పెట్టె. మైకులోకి చప్పుడొస్తుందని ఫ్యాను కూడా పెట్టనివ్వరు. "ప్రయాణికులకు గమనిక" అని పొద్దుటినుంచి అరిచి అరిచి, ఇంటికెళ్ళేసరికి గొంతులో ఇసుక పోసినట్టుంటుంది. ఇంట్లో మాట్లాడే ఓపికుండదు. ఉన్నా మాట్లాడే వీల్లేదు. ఆయన ప్రెస్సులో రాత్రి డ్యూటీ చేసి తెల్లారాక వచ్చి పడుకుంటారు కదా. మాకున్నవి రెండు గదులు, మధ్యలో చెక్క గోడ. అత్తయ్యగారి రాజ్యాంగం నీకు తెలుసు: కాలింగ్ బెల్ తీగ పీకేశారు, గిన్నెల కింద గుడ్డ వేస్తారు, ఎవరైనా గట్టిగా మాట్లాడితే వేలు పెదాలమీద పెట్టి "ఉష్" అంటారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇదేం ఇల్లురా బాబూ, లైబ్రరీలో కాపురం పెట్టానా అనుకున్నాను. ఇప్పుడు అలవాటైపోయింది. అన్నీ గుసగుసలు, లేదా చేతి సైగలు. వేళ్ళు నోటికి పెడితే తిండి. చెంపకి అరచెయ్యి పెడితే నిద్ర. లేని మీసం మెలేస్తే నాన్న లేచాడని.

నీ మునిమనవడు అచ్చం ఈ ఇంటివాడే. సైగలన్నీ పట్టేశాడు. అత్తయ్యగారు వేళ్ళు ఇలా నోటి దగ్గర పెట్టారో లేదో, బోర్లా పడి పాక్కుంటూ వస్తాడు. పక్కింటివాళ్ళు గోడకి డ్రిల్లు కొడుతుంటే మేమంతా చెవులు మూసుకున్నాం, వాడు మాత్రం గాఢంగా నిద్రపోయాడు. ఇంత బంగారు బిడ్డని ఎక్కడా చూడలేదంటారు అత్తయ్యగారు, దిష్టి తగులుతుందని బయట చెప్పనివ్వరు కూడా. మొదట్లో ఊకొడుతూ ఏవో కూతలు కూసేవాడు, ఈమధ్య అవీ తగ్గాయి. మా పద్ధతి వంటబట్టినట్టుంది.

పరీక్ష మాట. పాసయ్యాడు కదమ్మమ్మా. పాసైనవాణ్ణి మళ్ళీ పరీక్షకి కూర్చోబెట్టమంటున్నది హెడ్మాస్టరుగా రిటైరైన నువ్వేనా? ఆ ఆసుపత్రి మెట్లు మళ్ళీ ఎక్కడం నావల్ల కాదు. ఆ మందుల వాసన, ఆ మిషన్ల కీచుమనే చప్పుడు ఇంకా కలలో వస్తాయి. పైగా సెలవడిగితే మా సూపర్‌వైజరు ముఖం మూడు మూరలు సాగుతుంది. వాడు బాగున్నాడు. నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనీ.

నీ మనవరాలు


జనవరి 28

అమ్మడూ,

నీ ఉత్తరం ఒకసారి చదివి నవ్వుకున్నాను. రెండోసారి చదివి నవ్వలేదు.

వాడు ఊకొట్టడం తగ్గించాడని రాశావు. అదేదో బుద్ధిమంతుడి లక్షణమైనట్టు రాశావు. పసిపిల్లలు బుద్ధిమంతులు కారే తల్లీ. ఉద్యోగమంతా వాళ్ళ మధ్యే అరిగిపోయినదాన్ని, నా మాట నమ్ము. తరగతి గది నిశ్శబ్దంగా ఉందంటే ఎవడో కిటికీ దూకాడని అర్థం. ఆ వయసులో కూతలు పెరగాలి, తగ్గకూడదు.

డ్రిల్లుకి లేవలేదన్నావు. పోయినేడాది మా వీధి ట్రాన్స్‌ఫార్మరు పేలింది. వీధి వీధంతా బయటికొచ్చింది, నేను మాత్రం గాఢంగా నిద్రపోయాను. నన్నెవరూ బంగారు బిడ్డ అనలేదు.

మూగనోము పట్టినట్టుండే ఆ ఇంట్లో వాడికి వినిపిస్తోందో లేదో మీకెలా తెలుస్తుంది? మీరేమన్నా మాట్లాడితే కదా వాడు పలకడానికి! పిల్లాడి ఎదుట నోరు విప్పని పెంపకం నేనెక్కడా చూడలేదు. ఓసారి వెనక నిలబడి వాణ్ణి పిలిచి చూడు. తిరిగితే నాకు రాయి, నేను నోరు మూసుకుంటాను. ఆ దృశ్యం చూడాలని మీ అమ్మ ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తోంది.

ఇక్కడ విశేషాలేమీ లేవు. మా ఎదురింటి కాంపౌండరు కొత్త పళ్ళసెట్టు కట్టించుకుని అందరికీ చూపించడానికి అకారణంగా నవ్వుతున్నాడు. పళ్ళకి లేని సిగ్గు చెవులకెందుకని మీ అమ్మ నన్ను దెప్పింది. పెదాలమీద చదివేశాను, అయినా వినిపించలేదని బుకాయించాను.

నీ అమ్మమ్మ


ఫిబ్రవరి 11

అమ్మమ్మకి,

నీ ఉత్తరం నేను ఇంట్లో లేనప్పుడు వచ్చింది. కవరు చిరిగి ఉంటే అత్తయ్యగారు టేబుల్‌మీద పెట్టబోయి చదివారు. "మూగనోము పట్టినట్టుండే ఇల్లు". "నోరు విప్పని పెంపకం". నేనొచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను నీ కొడుకుని పెంచడంలో ఏం లోపం చేశానమ్మా?" అన్నారు. అదీ గుసగుసగానే. ఏడవడం కూడా చప్పుడు లేకుండానే ఏడ్చారు, లోపల ఆయన పడుకున్నారని. మా ఇద్దరి జీతాలమీద నడిచే ఇంట్లో పిల్లాణ్ణి పొద్దుటినుంచి సాయంత్రం దాకా చూసేది ఆవిడే. ఒక్క పూట ఆవిడ కాదంటే నా ఉద్యోగం లేదు. అది నీకు తెలియదా?

నువ్వు చెప్పిన పరీక్ష చేశాం. ఆవిడే చేశారు, పంతానికి. వాడు కింద కూర్చుని గిన్నెతో ఆడుకుంటుంటే వెనకనుంచి కుక్కరు మూత దబ్బున పడేశారు. వాడు చటుక్కున తిరిగాడు. లోపల ఆయన లేచి కూర్చున్నారు. ఈ ఇంట్లో ఆ చప్పుడు మూడేళ్ళలో మొదటిసారి. ఇంకోసారి, నేను వాడి వెనక తలుపు తీసుకుని వచ్చాను. అప్పుడూ తిరిగాడు. చాలా? ఇక నోరు మూసుకుంటానన్నావు, మూసుకో.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా సరే. నీ చెవుల్ని డ్రాయర్లో పడేసుకుని, నా కొడుకు చెవులకి పరీక్ష చేయించమని రాస్తున్నావు. నీకున్నది వాడికీ ఉందని చూస్తే నీకేమన్నా తోడు దొరికినట్టుంటుందా? వాడు బతకాలని అద్దాల పెట్టె ముందు కుర్చీలో కూర్చుని మొక్కినదాన్ని నేను. బతికాడు. ఇంకో లోపం వెతకడానికి నాకు ఓపిక లేదు.

మనవరాలు


ఫిబ్రవరి 17

అమ్మడూ,

మీ అత్తగారికి విడిగా క్షమాపణ రాసి ఈ కవర్లోనే పెట్టాను. చదవక ముందే చింపేసినా అది ఆవిడ హక్కు. నేను దెప్పిపొడిచింది ఆవిడ పెంపకాన్ని కాదు, ఆ నిశ్శబ్దాన్ని. కానీ రాసిన తీరు చూస్తే రెండూ ఒకటిగానే ఉన్నాయి. నాలుకకి ఎముక లేదంటారు. నా కలానికీ లేదు.

తోడు కావాలా అని అడిగావు. ఆ వాక్యం చదివి ఉత్తరం మడిచి అవతల పెట్టాను, తర్వాత మళ్ళీ తీశాను. తోడు అక్కర్లేదు. ఈ చెవుడు ఎలా ఉంటుందో తెలుసు గనకే అడుగుతున్నాను.

ఒకే ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. మీది పాతకాలపు మేడలో పైవాటా, నేల చెక్కది. నేను మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను. ఎవరైనా నడిస్తే మంచం కాళ్ళలోంచి నా వెన్నులోకి తెలిసేది. కుక్కరు మూత చెక్కమీద పడితే కింద కూర్చున్న పిల్లాడికి పిర్రల్లోంచి తెలుస్తుంది. ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకి ధ్వని పాఠం చెప్పానో! బల్లమీద చెవి ఆనించమని, అవతల గోకి చూపించేదాన్ని. తలుపు తీస్తే గాలి కదులుతుంది, వెలుగు మారుతుంది. వాడు తిరుగుతాడు. నేనూ తిరుగుతాను. నాకు వినిపించదని మీ అమ్మకి తెలియడానికి ఎన్నేళ్ళు పట్టిందో అడుగు. ఆవిడ వంటింట్లోంచి వస్తుంటే నేల చెప్పేది. నేను తలెత్తి "ఏమిటే" అనేదాన్ని. చెవులు పదునే అనుకునేది పిచ్చిది.

మంచంమీద పరుపుపైన నీ ఒళ్ళో కూర్చోబెట్టుకో. ఎదురుగా ఏదైనా ఆటవస్తువు పెట్టు. వెనక దూరంగా, నీడ పడకుండా, మీ ఆయన్ని నిలబెట్టి మామూలు గొంతుతో పిలవమను. అంతే. అది కూడా అసలు పరీక్ష కాదు, ఆసుపత్రి దాకా నిన్ను నడిపించడానికి ఒక నెపం.

ఇక దీని గురించి రాయను. మాటంటే మాట.

నీ అమ్మమ్మ


మార్చి 22

అమ్మమ్మా,

నువ్వు నిజంగానే రాయలేదు. నువ్వు మాటమీద నిలబడతావని తెలుసు గానీ ఈసారి నిలబడకుండా ఉంటే బాగుండేది.

నీ ఉత్తరం అప్పుడే చదివి పరుపు కింద పెట్టేశాను. నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు. ఆయన నిద్ర, నా డ్యూటీ, అత్తయ్యగారి మౌనం. ముగ్గురం ఒక వేళకి మెలకువగా ఉండేదెప్పుడు? ఇవన్నీ సాకులే. తిరగకపోతే ఏం చెయ్యాలో తెలియక చెయ్యలేదు.

అయినా వేరే దారిలో వచ్చింది. ఈ నెల మొదట్లో అత్తయ్యగారికి నడుం పట్టేసి మంచం దిగలేకపోయారు. మా సూపర్‌వైజరు సెలవు ఇవ్వనన్నాడు. గతిలేక వాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళాను. నా గాజుగది ముందు బెంచీల దగ్గర టీకొట్టావిడ తన మనవరాల్నీ వీణ్ణీ దుప్పటి పరిచి కూర్చోబెట్టింది. సరిగ్గా పైన స్పీకరు. ఇద్దరూ ఖాళీ టికెట్ రోలుతో ఆడుకుంటున్నారు. నేను మైకు నొక్కి "ప్రయాణికులకు గమనిక" అన్నాను. టీకొట్టావిడ మనవరాలు ఉలిక్కిపడి స్పీకరు వైపు చూసింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ చూసింది. అటు దూరంగా తల్లి భుజంమీద పడుకున్న ఇంకో పసివాడు లేచి ఏడ్చాడు. మనవాడు మాత్రం టికెట్ రోలు విప్పుతూనే ఉన్నాడు.

అమ్మమ్మా, నేను బస్సు పేరు మర్చిపోయాను. మైకులో వాడి ముద్దుపేరు పిలిచాను. స్టేషనంతా వినిపించింది. పోర్టర్లు ఆగి చూశారు. వాడు తల ఎత్తలేదు. అప్పుడు గాజు మీద చేత్తో తట్టాను, దానికీ ఎత్తలేదు. దుప్పటి అంచుమీద ఎవరిదో సంచి దబ్బున పడితే చటుక్కున తిరిగి, గాజు వెనక నన్ను చూసి, వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని నవ్వాడు. ఆకలేస్తోందని.

ఊరు ఊరంతా నా గొంతు విని బస్సెక్కుతుంది.

మర్నాడే ఆసుపత్రికి వెళ్ళాం, ఆయన నిద్ర మానుకుని వచ్చారు. ఆ మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను. పరీక్షకి వాడు నిద్రపోవాలన్నారు. నువ్వెప్పుడన్నా నిద్రపోవాల్సిన చోట నిద్రపోయే పిల్లాణ్ణి చూశావా? మా బంగారు బిడ్డ ఆ పూటంతా కళ్ళు తెరుచుకుని సీలింగ్ లైటు చూశాడు. తిరిగి పంపేశారు. ఇంకోరోజు వెళ్ళాం. నుదుటిమీద, చెవుల వెనక తీగలు అంటించారు, చెవిలో చిన్న బిరడాలు పెట్టారు. చప్పుడుకి మెదడు స్పందిస్తోందా లేదా అన్నది తెరమీద గీతలుగా వస్తుందట. నేను ఆ గీతలకేసి చూస్తూ కూర్చున్నాను. అవి ఎలా ఉండాలో నాకు తెలియదు. పరీక్ష చేసే అమ్మాయి చప్పుడు పెంచుతూ పోవడం మాత్రం తెలిసింది, ఆవిడ వేలు మీట తిప్పుతూనే ఉంది.

రెండు చెవులూ. మామూలు మాట వినిపించదట. చాలా గట్టి చప్పుళ్ళే, అదీ కొద్దిగా. "పుట్టినప్పుడు పాసయ్యాడుగా!" అని నేను గొడవ పెట్టుకున్నాను. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది: అప్పుడు వినిపించి ఉండొచ్చు, తర్వాత తగ్గి ఉండొచ్చు, అందుకే ఇలాంటి పిల్లల్ని పాసైనా మళ్ళీ రమ్మంటాం, సగం మంది రారు అంది. తప్పు పట్టినట్టు అనలేదు. అలసిపోయినట్టు అంది.

ఇంటికొచ్చి అత్తయ్యగారికి సైగలతో చెప్పబోయాను. చేతులు ఆగిపోయాయి. ఆవిడ నా ముఖం చూసి అర్థం చేసుకున్నారు. నడుం పట్టుకుని లేచి, ఆయన పక్కగదిలో ఉన్నారని కూడా చూడకుండా, "అయితే నేను ఉష్ అన్నదంతా ఎవరికే?" అని అరిచారు. ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు ఇన్నేళ్ళలో తెలియదు.

నిన్ను అన్న మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియట్లేదు.

నీ మనవరాలు


మార్చి 29

నా తల్లీ,

అన్న మాట నీ దగ్గరే ఉంచుకో, ఎప్పుడైనా పనికొస్తుంది. నేను తిరిగి పుచ్చుకోను.

నేను చెప్పానుగా అని రాయడానికి ఈ వయసులో నాకు హక్కుంది. కానీ చెయ్యి రావట్లేదు. తప్పయితే బాగుండునని రోజూ అనుకున్నాను. మీ అమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ ఏడ్చింది, నేను చూశాను, ఇద్దరం లేచి ఎవరి పని వాళ్ళం చేసుకున్నాం.

మీ అత్తగారికి చెప్పు: ఆవిడ ఉష్ అన్నందుకు వాడి చెవులు పోలేదు. గుసగుసలు ఎవరి చెవులూ తినవు. అవి జరిగిన దాన్ని దాచిపెట్టాయి, అంతే. ఆ సైగలే లేకపోతే ఇన్నాళ్ళూ వాడికి ఆకలని చెప్పుకునే దారి కూడా ఉండేది కాదు. ఆ మాట నా నోటినుంచి వచ్చిందని ప్రత్యేకంగా చెప్పు, నమ్మడానికి కొంచెం టైము పడుతుంది.

ఏడాది నిండకముందే తెలిసింది. మా రోజుల్లో ఇలాంటి పిల్లలు బడికొచ్చి వెనక బెంచీలో కూర్చుంటే మొద్దు అనేవాళ్ళం. ఆ తర్వాత ఏం చేస్తారో రాయి. మిషన్లా?

అమ్మమ్మ


ఏప్రిల్ 30

అమ్మమ్మా,

మిషన్లు వచ్చాయి. రెండు. చిక్కుడుగింజలంత ఉంటాయి. చెవి అచ్చులు పోసి చేశారు. మొదటిసారి పెట్టినప్పుడు ఆ గదిలో అందరం వాడి చుట్టూ చేరాం. ఇప్పుడు వాడు నా గొంతు విని నవ్వుతాడని నేను ఎన్ని రాత్రులు ఊహించుకున్నానో. పెట్టగానే నేను "కన్నా" అన్నాను. వాడు నన్ను చూశాడు. పెదవి వంకర తిప్పి గుక్కపట్టి ఏడ్చాడు. నా గొంతు విని, అమ్మమ్మా.

అప్పట్నించి రోజూ యుద్ధమే. పెట్టడం, వాడు పీకడం. పీకి నోట్లో పెట్టుకుంటాడు. నోట్లో పెట్టుకోకపోతే విసురుతాడు. ఒకటి పప్పుడబ్బా వెనక దొరికింది, ఒకటి ఆయన బూటులో దొరికింది. మెలకువగా ఉన్నంతసేపూ పెట్టాలి, ఇప్పుడు పెడితేనే మాటలొస్తాయి అంటుంది పరీక్ష చేసిన ఆ అమ్మాయి. మెలకువగా ఉన్నంతసేపూ ఏడుస్తున్నాడు. ఆయన ప్రెస్సులో నిలబడి నిద్రపోతున్నారు. నేను మొన్న ఇంకా రాని బస్సుని వెళ్ళిపోయిందని ప్రకటించాను, జనం నన్ను తిట్టిన తిట్లు గాజులోంచి కూడా వినిపించాయి. అత్తయ్యగారు వాడు ఏడ్చినప్పుడల్లా నా వంక చూస్తారు. ఏమీ అనరు. అంటే బాగుండు.

నిజం చెప్పనా? ఇవాళ పొద్దున వాటిని డబ్బాలో పెట్టి డ్రాయర్లో వేశాను. కొంచెం పెద్దయ్యాక పెడదాం అనిపించింది. వాడు హాయిగా ఆడుకున్నాడు. సైగలు చేశాడు. ఇల్లు ఎప్పటిలా ఉంది. నువ్వు కూడా అలాగే బతికేస్తున్నావు కదా, నీకేం లోటయింది? దెప్పడానికి కాదు, నిజంగానే అడుగుతున్నాను. వాడికి ఏమవుతోందో నాకు తెలియట్లేదు. ఎక్కడ నొప్పో చెప్పలేడు. నేను వాణ్ణి బాగుచేస్తున్నానా, హింసిస్తున్నానా? తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే బాగుండు.

డ్రాయరు ఇంకా మూసే ఉంది.

నీ మనవరాలు


మే 8

అమ్మడూ,

నీ ఉత్తరం వచ్చిన పూటే నా డ్రాయరు తెరిచాను. మిషన్ పక్కన పాత గాజుముక్కలు, తాళంచెవి ఒకటి, ఎక్స్‌పైరీ దాటిన మాత్రలు. అన్నీ నాలాంటివే. బ్యాటరీ చచ్చిపోయి ఉంది. మీ అమ్మని పంపి తెప్పించాను. ఎందుకని అడగకుండా చెప్పులు వేసుకుంది, ఆ వేగం చూసి నాకు కొంచెం అవమానమనిపించింది.

నాకేం లోటయిందని అడిగావు. సమాధానం చెబుతాను. నేను మాటలన్నీ నేర్చుకున్నాక చెవిటిదాన్నయ్యాను. నీ పెదాలు కదిలితే సగం నేనే పూరించుకుంటాను, ఎందుకంటే ఆ మాట నా దగ్గర ముందే ఉంది. వాడి దగ్గర లేదు. నాది తాళం పోయిన ఇల్లు. వాడిది ఇంకా కట్టని ఇల్లు. కాబట్టి నా డ్రాయరు చూసి వాడి డ్రాయరు మూయకు.

ఇక వాడు చెప్పలేనిది నేను చెబుతాను. అందుకే పెట్టుకున్నాను. మూడు రోజులుగా పెట్టుకుని తీసి, పెట్టుకుని తీసి, బడిలో ప్రయోగాల రికార్డు రాయించినట్టు నా మీద నేనే ప్రయోగం చేసి రాస్తున్నాను. బుద్ధిగా చదువు.

నొప్పి లేదు. కానీ అన్ని చప్పుళ్ళూ ఒక్కటే సైజులో వస్తాయి. మనిషి మాటా, ఫ్రిజ్జు గుర్రూ, నా చెప్పులూ అన్నీ ఒకేసారి మీదపడతాయి. ఏది ముఖ్యమో చెవికి తెలియదు. కుళాయి తిప్పితే ఎవరో చెంపమీద కొట్టినట్టుంది. చెంచా పళ్ళేనికి తగిలితే పళ్ళు జివ్వుమన్నాయి. మీ అమ్మ నన్ను ప్రేమగా "అమ్మా" అని పిలిస్తే నాకే ఏడుపొచ్చింది. బెదిరి వచ్చింది, ప్రేమకి కాదు. కాబట్టి వాడు నీ గొంతు విని ఏడ్చింది నీ గొంతు నచ్చక కాదు. అది నువ్వే అని వాడికింకా తెలియదు. చెబుతూ ఉంటే తెలుస్తుంది.

మూడో రోజుకి ఫ్రిజ్జు వెనక్కి జరిగింది. మాట కొంచెం ముందుకొచ్చింది. మా కాంపౌండరు నవ్వుతుంటే పళ్ళసెట్టు టకటకమనడం కూడా తెలిసింది. పాపం, నేను చెప్పలేదు.

నేను కనిపెట్టిందొకటి రాస్తున్నాను, ఆ అమ్మాయిని అడిగి సరేనంటేనే చెయ్యి. వంటింట్లో మొదలుపెట్టకు, స్టేషన్‌కి అసలు తీసుకెళ్ళకు. ముందు ఏ చప్పుడూ లేని చోట, ఒక్క మనిషి, దగ్గరగా, మెల్లిగా మాట్లాడాలి. కాసేపటికి తీసెయ్, మళ్ళీ పెట్టు, రోజురోజుకీ కాస్త పెంచు. గిన్నెల కింద గుడ్డ వేసే ఇల్లు, కాలింగ్ బెల్ లేని ఇల్లు, గుసగుసగా మాట్లాడే మనిషి ఇంకెక్కడ దొరుకుతాయే నీకు? మీ అత్తగారిని కూర్చోబెట్టు. ఆ ఇంట్లో ఆవిడకంటే బాగా మెల్లిగా మాట్లాడగలిగిన వాళ్ళు లేరు. సైగా మానక్కర్లేదు, సైగ చేస్తూ మాట కూడా చెప్పమను. ఆవిడ ఇన్నేళ్ళు చేసిన సాధన వృథా పోలేదని నా తరఫున చెప్పు. ఈసారి కవరు చించి చదివినా ఫర్వాలేదు.

ఇంకో సంగతి, ఇది ఎవరికీ చెప్పకు. మీ అమ్మ పక్కగదిలో బట్టలు మడతపెడుతూ నన్ను తిడుతుంది. ఎన్నేళ్ళనుంచో ఏమో. హాయిగా, లయగా, పాటలా తిడుతుంది. నిన్న మొత్తం విన్నాను. కొన్ని న్యాయమైనవే. నాకు వినిపిస్తోందని ఇంకా తెలియదు, తెలియనివ్వను. ఆ ఒక్కదాని కోసమైనా ఇది రోజూ పెట్టుకోవాలనిపిస్తోంది.

నాకూ విసుగ్గానే ఉంది తల్లీ. ఇది రాస్తుండగానే రెండుసార్లు తీసి బల్లమీద పెట్టాను. ఇప్పుడు మళ్ళీ పెట్టుకున్నాను. కలం కాగితం మీద గీరుకునే చప్పుడు వినిపిస్తోంది. ఇన్నేళ్ళు రాసినా ఇది చప్పుడు చేస్తుందని మర్చిపోయాను.

నీ డ్రాయరు తెరువు. వాడు పీకి విసిరితే నాకు ఉత్తరం రాయి. నేను పీకి విసిరితే నీకు మీ అమ్మ రాస్తుంది.

నీ అమ్మమ్మ